నీరు ఎందుకు మోస్తుంది? ఎందుకు ముంచుతుంది?

బావిలో నీళ్లు తోడిన వారందరికీ ఒక సంగతి తెలుసు. చేద నీళ్లలో మునిగి ఉన్నంతసేపు తాడు తేలిగ్గా వస్తుంది. చేద నీటిమట్టం దాటి పైకి రాగానే ఒక్కసారిగా చేతులు బరువెక్కుతాయి. చేద అదే, అందులోని నీళ్లూ అవే. మరి అంతవరకు ఆ బరువును ఎవరు మోశారు? బావిలోని నీరే మోసింది.

ఈ చిన్న సంగతి వెనుక ఉన్న సూత్రం మన ఆరోగ్యంతో ఎన్నో విధాలుగా ముడిపడి ఉంది. పుర్రెలో మన మెదడు తన బరువుకు తానే నలిగిపోకుండా ఉండేది దీనివల్లనే. మోకాళ్ల నొప్పులవారికి నీటిలో వ్యాయామం చేయించేది దీని ఆధారంగానే. రక్తదాన శిబిరంలో మీ వేలినుంచి తీసిన రక్తపు చుక్కను పరీక్షించే ఒక పద్ధతి కూడా ఇదే. అన్నిటికంటే ముఖ్యంగా, చెరువులోనో కాలువలోనో పడిన మనిషి తేలడం, మునగడం దీనిమీద ఆధారపడి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు 5 ఏళ్లలోపు పిల్లలు. నీరు మనిషిని ఎలా మోస్తుందో, ఎప్పుడు మోయలేదో తెలుసుకుంటే వీటిలో చాలా మరణాలను తప్పించవచ్చు. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని వివరంగా చెబుతున్నాము.

అసలు సూత్రం ఏమిటి?

ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఒక పళ్లెంలో గిన్నె పెట్టి, ఆ గిన్నెను అంచుదాకా నీళ్లతో నింపండి. అందులో ఒక రాయిని మెల్లగా వదలండి. కొంత నీరు పొర్లి పళ్లెంలో పడుతుంది. రాయి తాను కూర్చున్న చోటులో ఉన్న నీటిని పక్కకు తోసింది. రాయి ఎంత చోటు ఆక్రమించిందో సరిగ్గా అంత నీరే బయటికి వచ్చింది. దీన్నే నీటి స్థానభ్రంశం అంటారు.

ఏ వస్తువైనా నీటిలో మునిగినప్పుడు, అది తొలగించిన నీటి బరువు ఎంతో అంత బలంతో నీరు దాన్ని పైకి నెడుతుంది. దీన్ని ఉత్ప్లవన బలం అంటారు. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో సిరాక్యూస్ నగరంలో జీవించిన ఆర్కిమెడిస్ అనే శాస్త్రవేత్త దీన్ని కనుగొన్నాడు. అందుకే బడిపిల్లలు దీన్ని ఆర్కిమెడిస్ సూత్రం అని చదువుకుంటారు.

లెక్క చాలా సులువు. ఒక లీటరు మంచినీళ్లు సుమారు ఒక కిలో బరువుంటాయి. ఒక లీటరు చోటు ఆక్రమించే నల్లరాయి సుమారు 2.7 కిలోలు తూగుతుంది. దాన్ని నీటిలో ముంచితే ఒక లీటరు నీటిని తొలగిస్తుంది, నీరు దాన్ని ఒక కిలో మేర పైకి నెడుతుంది. కనుక నీటిలో ఆ రాయి 1.7 కిలోల బరువే ఉన్నట్టు అనిపిస్తుంది. తేలిక అయింది కాని తేలలేదు. అదే చోటు ఆక్రమించే బెండు ముక్క అయితే కిలోకంటే చాలా తక్కువ తూగుతుంది. నీటి నెట్టుడు దాని బరువును మించిపోతుంది గనుక అది పైకి వచ్చి తేలుతుంది.

మరి ఇనుప పడవ ఎలా తేలుతోంది? స్టీలు గరిటెను నీటిలో వేస్తే మునుగుతుంది. స్టీలు గిన్నెను మెల్లగా నీటిపై పెడితే తేలుతుంది. రెండూ ఒకే లోహం. గిన్నె లోపల ఖాళీ ఉంది, ఆ ఖాళీ కూడా నీటిని పక్కకు తోస్తుంది. 200 గ్రాముల గిన్నె 200 మిల్లీలీటర్ల నీటిని తోసేంతవరకు కిందికి దిగి అక్కడ ఆగుతుంది. కృష్ణ, తుంగభద్ర నదుల్లో జాలరులు నడిపే పుట్టి అయినా, సముద్రంలో పెద్ద ఓడ అయినా తేలేది ఈ లెక్కతోనే. గిన్నెలోకి నీళ్లు చేరితే ఆ లెక్క తప్పి మునుగుతుంది.

మన శరీరం లోపల ఈ సూత్రం

పెద్దవారి మెదడు సుమారు 1400 గ్రాముల బరువుంటుంది. అది వెన్నలా మెత్తని అవయవం. బయటికి తీసి బల్లమీద పెడితే తన బరువుకే అది సాగిలపడుతుంది. పుర్రెలో అలా జరగకపోవడానికి కారణం దాని చుట్టూ ఉండే స్వచ్ఛమైన ద్రవం. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ఈ ద్రవం మొత్తం 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. మెదడు అందులో దాదాపుగా తేలుతూ ఉంటుంది. అలా తేలుతున్నప్పుడు దాని బరువు 50 గ్రాముల లోపే ఉన్నట్టు లెక్క.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. 150 మిల్లీలీటర్ల ద్రవం 1400 గ్రాముల మెదడును ఎలా మోస్తుంది? ఒక స్టీలు గ్లాసులో కొద్దిగా నీళ్లు పోసి, అందులో ఇంకాస్త చిన్న గ్లాసును దింపండి. రెండు గ్లాసుల మధ్య సన్నని పొరలా నీరు పైకి లేచి, లోపలి గ్లాసును తేలుస్తుంది. చుట్టూ ఎంత నీరు ఉన్నదన్నది ముఖ్యం కాదు. నీటిమట్టానికి కింద వస్తువు ఎంత చోటు ఆక్రమించింది అన్నదే ముఖ్యం. మెదడు చుట్టూ ఉన్న పలుచని ద్రవపు పొర కూడా ఇలాగే పనిచేస్తుంది.

సిజేరియన్ వంటి ఆపరేషన్లకు వెన్నులో మత్తు ఇంజెక్షన్ తీసుకున్న కొందరికి ఒకటి రెండు రోజుల తరువాత తలనొప్పి వస్తుంది. లేచి కూర్చుంటే ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. సూది గుచ్చిన చోటునుంచి ఈ ద్రవం కొద్దికొద్దిగా కారినప్పుడు మెదడుకు ఆధారం తగ్గి, చుట్టూ ఉన్న పొరలు లాగబడటం దీనికి ఒక కారణం. చాలామందిలో ఇది కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. అయినా ఇలాంటి తలనొప్పి వస్తే ఇంట్లో మాత్రలు మింగి ఊరుకోకుండా డాక్టరుగారికి చెప్పండి. జ్వరం, మెడ బిగుసుకోవడం, వాంతులు, చూపు మసకబారడం తోడైతే వెంటనే రావాలి.

తల్లి గర్భంలో బిడ్డ కూడా ఉమ్మనీటిలో తేలుతూనే పెరుగుతుంది. ఎనిమిదో నెల ప్రాంతంలో ఈ నీరు సుమారు 800 మిల్లీలీటర్లు ఉంటుంది. బిడ్డ బరువును నీరు మోస్తుంది గనుక బిడ్డ కాళ్లూ చేతులూ స్వేచ్ఛగా కదిలించగలుగుతుంది. బొడ్డుతాడు నలగకుండా కూడా ఈ నీరు కాపాడుతుంది. అందుకే స్కానింగులో ఉమ్మనీరు ఎంత ఉందో డాక్టర్లు ప్రత్యేకంగా చూస్తారు. నెలలు నిండకముందే ఉమ్మనీరు కారుతున్నట్టు అనిపిస్తే, నొప్పులు లేకపోయినా సరే, ఆసుపత్రికి రావాలి.

పరీక్షలలో, చికిత్సలో

రక్తదానం చేసేవారికి రక్తం తగినంత ఉందో లేదో చూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. నీలిరంగు మైలుతుత్తం ద్రావణాన్ని ఒక నిర్ణీత చిక్కదనంలో, అంటే నీటికంటే 1.053 రెట్లు బరువుగా తయారుచేస్తారు. వేలినుంచి తీసిన రక్తపు చుక్కను అందులో వదులుతారు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ చుక్క ద్రావణంకంటే బరువై కొద్ది సెకన్లలోనే అడుగుకు చేరుతుంది. తక్కువ ఉంటే మధ్యలో ఆగుతుంది, లేదా పైకి తేలుతుంది. చుక్క తేలితే రక్తం ఇవ్వవద్దని చెబుతారు. అది మీ మంచికే. ఇప్పుడు చాలాచోట్ల చిన్న యంత్రాలు వచ్చాయి. కాని మునిగే చుక్క చెప్పే మాట నేటికీ నమ్మదగినదే. చుక్క తేలిన వారు రక్తహీనతకు కారణమేమిటో తెలుసుకోవడానికి డాక్టరుగారిని కలవాలి.

పాలవాడి పాలలో నీళ్లు కలిశాయేమో చూసే లాక్టోమీటరు కూడా ఇదే జాతిది. ద్రవం చిక్కగా ఉంటే గాజు గొట్టం పైకి తేలుతుంది, పలుచగా ఉంటే కిందికి దిగుతుంది. ఇలాంటి గొట్టంతోనే లేబొరేటరీలో మూత్రం చిక్కదనం కూడా కొలిచేవారు.

ఇక మోకాళ్ల నొప్పుల విషయం. నడుము లోతు నీటిలో నిలబడితే మీ కాళ్లమీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. ఛాతీ లోతు నీటిలో మూడో వంతుకు, మెడ లోతులో పదో వంతుకు తగ్గుతుంది. అంటే 75 కిలోల మనిషి ఛాతీ లోతు నీటిలో నడిచినప్పుడు మోకాళ్లు సుమారు 25 కిలోలే మోస్తాయి. నేలమీద నాలుగు అడుగులు వేయలేనివారు కూడా నీటిలో నడవగలగడానికి కారణం ఇదే. కీళ్లవాతం, నడుము నొప్పి, ఎముక విరిగి అతికిన తరువాత కండరాలకు బలం రావడం, పక్షవాతం తరువాత నడక నేర్పడం వంటి సందర్భాల్లో ఫిజియోథెరపీ నిపుణులు నీటి వ్యాయామం సూచిస్తారు.

అయితే నీటిలో దిగగానే కాళ్లలోని రక్తం ఛాతీవైపుకు ఎక్కువగా వస్తుంది, గుండెకు పని పెరుగుతుంది. కనుక గుండె జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడగకుండా ఇలాంటి వ్యాయామం మొదలుపెట్టకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, మానని పుండ్లు ఉన్నవారు, జ్వరంతో ఉన్నవారు నీటిలో దిగకూడదు. ఎవరైనా సరే ఒంటరిగా దిగవద్దు.

మనిషి తేలుతాడా, మునుగుతాడా?

ఇప్పుడు అసలైన ప్రశ్నకు వద్దాం. మనిషి శరీరం బరువు, అదే పరిమాణంలో ఉండే నీటి బరువు దాదాపు సమానం. కొవ్వు నీటికంటే తేలిక. కండ కాస్త బరువు, ఎముక ఇంకా బరువు. తూకాన్ని ఇటో అటో తిప్పేది ఊపిరితిత్తుల్లోని గాలి.

60 కిలోల మనిషిని తీసుకుందాం. గాలి నిండా పీల్చుకున్నప్పుడు అతని శరీరం 61 లీటర్ల చోటు ఆక్రమిస్తుందనుకోండి. పూర్తిగా మునిగితే నీరు అతన్ని 61 కిలోల బలంతో పైకి నెడుతుంది. అతని బరువు 60. మిగులు ఒక కిలో. కనుక అతను పైకి తేలి, ఒక లీటరు మేర శరీరం నీటిపైన ఉంటుంది. ఇప్పుడు గట్టిగా కేకవేసి 3 లీటర్ల గాలి బయటికి వదిలాడు. శరీరం 58 లీటర్లకు తగ్గింది. నీటి నెట్టుడు 58 కిలోలు, బరువు 60. ఇంకేముంది, మునుగుతాడు.

నీటిపైన ఉంచుకోగలిగేది ఒక లీటరు మేర మాత్రమే అన్న మాట మనసులో పెట్టుకోండి. ఆ ఒక లీటరుతో ముఖం మాత్రమే బయట ఉంచుకోగలం. తల మొత్తం 4 నుంచి 5 కిలోలు ఉంటుంది. చేతులు ఒక్కొక్కటి 3 కిలోల దాకా ఉంటాయి. నీటిలో పడిన మనిషి భయంతో ఏం చేస్తాడు? తల పూర్తిగా పైకెత్తుతాడు, రెండు చేతులూ పైకి చాస్తాడు, ప్రాణం పోయేలా అరుస్తాడు. తల, చేతులు కలిపి 10 కిలోలకు పైగా శరీరాన్ని నీటి బయట పెట్టాడు. ఆ భాగానికి ఇక నీటి ఆసరా లేదు. దానిపైన గాలి కూడా వదిలేశాడు. భయంలో సహజంగా చేసే ఈ మూడు పనులూ అతన్ని ముంచేవే.

చాలామంది మునిగిపోయేటప్పుడు అరవనే అరవరు. ముక్కు, నోరు ఒక క్షణం పైకి, ఒక క్షణం కిందికి అవుతుంటే ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు. పక్కనే ఉన్నవారు ఆడుకుంటున్నారనుకుంటారు. నీటి దగ్గర పిల్లలు హఠాత్తుగా నిశ్శబ్దమైతే వెంటనే చూడండి.

నీటిలో పడితే ఏం చేయాలి?

1. తల వెనక్కి వాల్చండి. చెవులు నీటిలో మునిగినా పరవాలేదు. నోరు, ముక్కు ఆకాశంవైపు ఉండాలి.

2. చేతులు నీటిలోపలే ఉంచి, అరచేతులతో నీటిని మెల్లగా కిందికి నొక్కండి. కాళ్లు కొద్దిగా దిగినా కంగారు పడవద్దు. గాలి ఛాతీలో ఉంటుంది గనుక కాళ్లు దిగడం సహజం.

3. గాలి నిండా పీల్చి కొంచెంసేపు నిలిపి, త్వరగా వదిలి మళ్లీ పీల్చండి. ఊపిరితిత్తులే మీ తెప్ప.

4. తేలే వస్తువు ఏది దొరికినా పట్టుకోండి. దానిపైకి ఎక్కడానికి ప్రయత్నించవద్దు. ఛాతీకి హత్తుకుంటే చాలు.

ఇది చదివినంత మాత్రాన ఈత వచ్చినట్టు కాదు. కాని సహాయం అందేవరకు నాలుగు నిమిషాలు నిలబడగలిగితే అదే ప్రాణం నిలుపుతుంది. పిల్లలకు ఈత నేర్పించడం, పెద్దల పర్యవేక్షణలో వెల్లకిలా తేలడం అలవాటు చేయించడం మంచిది.

ఒడ్డున ఉన్నవారు ఏం చేయాలి?

ఈత వచ్చినా, రక్షించడంలో శిక్షణ లేనివారు దూకవద్దు. మునిగేవాడు దొరికిన మనిషిని పట్టుకుని అతనిపైకి ఎక్కడానికి ప్రయత్నిస్తాడు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోయిన కుటుంబాలు మన ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి.

కర్ర, తాడు, ముడివేసిన చీర, తువ్వాలు, ఏదో ఒకటి అందించండి. తేలే వస్తువు విసరండి. నీటిలో ఉన్న మనిషి తల పూర్తిగా బయట ఉండటానికి అదనంగా కావలసిన ఆసరా 3 నుంచి 5 కిలోలు మాత్రమే. మూత బిగించిన 5 లీటర్ల ఖాళీ నూనె క్యాను దాదాపు అంత ఆసరా ఇస్తుంది. 20 లీటర్ల ఖాళీ వాటర్ క్యాను మూత గట్టిగా బిగించి ఉంటే పూర్తిగా మునిగినప్పుడు సుమారు 19 కిలోలు మోస్తుంది. పూర్వం పల్లెల్లో పిల్లలు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని ఈత నేర్చుకునేవారు. దాని వెనుక ఉన్న లెక్క కూడా ఇదే. అయితే లారీ ట్యూబు, గాలి బొమ్మలు, చేతులకు తొడిగే గాలి సంచులు చిల్లుపడవచ్చు, జారిపోవచ్చు. వాటిని నమ్మి పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు.

బయటికి తీసిన తరువాత

మన ఊళ్లలో ఇంకా కొన్ని ప్రమాదకరమైన అలవాట్లు ఉన్నాయి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కడం వంటివి దయచేసి చేయవద్దు. పొట్టలో ఉన్న నీటితో ప్రాణం పోదు. పొట్ట నొక్కితే ఆ నీరు, తిన్న ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పైగా విలువైన నిమిషాలు వృథా అవుతాయి. అప్పుడు కావలసింది గాలి.

ముందుగా ఒకరిని 108కి ఫోన్ చేయమనండి. మనిషిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. పిలిచి, భుజం తట్టి చూడండి. పలకకపోతే తల కొద్దిగా వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ఊపిరి ఉందేమో 10 సెకన్లలోపు గమనించండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఛాతీ పైకి లేచేలా గాలి ఊదండి. మొదట 2 నుంచి 5 సార్లు ఊదాలి. తరువాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో 30 సార్లు గట్టిగా నొక్కి, మళ్లీ 2 సార్లు గాలి ఊదండి. పెద్దవారిలో ఛాతీ 5 సెంటీమీటర్లు, పిల్లల్లో ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగం ఉండాలి. ఊపిరి వచ్చేవరకు లేదా వైద్య సహాయం అందేవరకు ఆపవద్దు. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

తేరుకుని బాగానే ఉన్నాడనిపించినా ఆసుపత్రికి తీసుకురావాలి. ఊపిరితిత్తుల్లోకి నీరు పోయినవారికి కొన్ని గంటల తరువాత దగ్గు, ఆయాసం పెరగవచ్చు.

ఇంట్లో బకెట్టు, బయట పడవ

ఏడాది రెండేళ్ల పిల్లలకు శరీరంతో పోలిస్తే తల పెద్దది. బకెట్టులోకి తొంగిచూసి తలకిందులుగా పడితే తల, ఛాతీ మాత్రమే నీటిలో ఉంటాయి. నడుము, కాళ్లు బయట ఉంటాయి గనుక వాటి బరువును నీరు మోయదు. ఆ బరువంతా తలను ఇంకా లోపలికి నొక్కుతుంది. పైకి లేచే బలం ఆ చేతులకు ఉండదు. 15 లీటర్ల నీరున్న బకెట్టు 15 కిలోలకు పైగా బరువుంటుంది, చిన్నపిల్లల తోపుకు అది పక్కకు ఒరగదు. కాబట్టి నీళ్లు వాడగానే బకెట్లు బోర్లించండి. డ్రమ్ములకు, తొట్లకు మూతలు పెట్టండి. సంపు మూత ఎప్పుడూ మూసి ఉంచండి. బాత్‌రూము తలుపు గడియ పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. పిల్లవాడు కనబడకపోతే మొదట నీళ్లున్న చోట్లు వెతకండి.

పడవ ప్రయాణంలో కూడా లెక్క అదే. నీటిని తాకే భాగం 6 చదరపు మీటర్లు ఉన్న పడవలో 60 కిలోల మనిషి ఎక్కితే పడవ సుమారు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. 20 మంది అదనంగా ఎక్కితే 20 సెంటీమీటర్లు. పడవ అంచు నీటికి దగ్గరైపోతుంది, చిన్న అలకే నీరు లోపలికి వస్తుంది. అందరూ ఫొటోకోసం ఒక పక్కకు చేరితే పడవ ఒరిగిపోతుంది. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ ఘాట్ దగ్గర జరిగిన పడవ ప్రమాదంలో ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద రోజుల్లో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. ప్రతి ప్రమాదానికి కారణాలు వేరువేరు. కాని మన చేతిలో ఉన్న జాగ్రత్త ఒక్కటే. కిక్కిరిసిన పడవ ఎక్కవద్దు. లైఫ్ జాకెట్ ఇస్తే ఉక్కగా ఉందని విప్పి పక్కన పెట్టవద్దు. పట్టీలన్నీ బిగించాలి. వదులుగా ఉన్న జాకెట్ నీటిలో తలపైకి జారి ఊడిపోతుంది.

సంఘం పిక్నిక్‌లకు, సండే స్కూలు విహారయాత్రలకు నీటి ఒడ్డుకు వెళ్లేటప్పుడు పిల్లల్ని చూడటానికి ఒకరిద్దరు పెద్దలను ముందుగానే నియమించండి. వంటలు, కబుర్లు, ఫోన్లు వారి పని కాకూడదు.

మీ సందేహాలు, మా జవాబులు

చనిపోయినవారు తేలుతారు కదా, బతికున్నవారు ఎందుకు మునుగుతారు?

చనిపోయినవారి శరీరం కూడా మొదట చాలావరకు మునుగుతుంది. కొద్దిరోజులకు శరీరం లోపల వాయువులు పుట్టి ఉబ్బుతుంది. బరువు పెరగకుండా ఆక్రమించే చోటు పెరుగుతుంది గనుక పైకి తేలుతుంది. ఇందులో వింత ఏమీ లేదు.

తడిసిన చీర బరువుకు మునిగిపోతారా?

నీటిలో ఉన్నంతసేపు బట్టలలోని నీటికి బరువు తెలియదు, చేదలోని నీటికి తెలియనట్టే. బయటికి వచ్చేటప్పుడే బరువు తెలుస్తుంది. చీరతో అసలు ప్రమాదం కాళ్లకు చుట్టుకోవడం, ముళ్లకంపకు తగులుకోవడం.

ఈత బాగా వచ్చినవారు ఎందుకు మునిగిపోతారు?

అలసట, తాగి దిగడం, వరద వేగం, సుడిగుండాలు ముఖ్య కారణాలు. ఆనకట్ట దిగువన తెల్లగా నురగలు కక్కే నీటిలో గాలి బుడగలు కలిసి ఉంటాయి. ఆ నీరు పలుచన, అందువల్ల అది మనిషిని తక్కువగా మోస్తుంది. అక్కడ ఈత వచ్చినవారు కూడా దిగకూడదు.

బైబిల్లో చెప్పిన ఉప్పు సముద్రంలో ఎవరూ మునగరంటారు, నిజమేనా?

నేడు మృత సముద్రం అని పిలిచేది దాన్నే. మామూలు సముద్రంలో ఉప్పు 100కి 3.5 పాళ్లు ఉంటే, ఇందులో సుమారు 34 పాళ్లు ఉంటుంది. ఒక లీటరు నీరు 1.24 కిలోలు తూగుతుంది. అందుకే మనిషి బెండులా తేలుతాడు. కాని బోర్లా పడితే తిరగడం కష్టం. తేలే నీటిలో కూడా ముఖం పైకి ఉంటేనే ప్రాణం. అక్కడ కూడా ప్రమాదాలు జరుగుతుంటాయి.

నీరు మనిషికి శత్రువు కాదు. దాని లెక్క ప్రకారం నడిస్తే మోస్తుంది, లెక్క తప్పితే ముంచుతుంది. ఈ పేజీని చదివినవారు ఇంట్లోని పిల్లలకు, పక్కింటివారికి కూడా చెప్పండి. ముఖ్యంగా మూడు మాటలు: నీటిలో పడితే తల వెనక్కి వాల్చాలి, ఒడ్డున ఉంటే దూకకుండా తేలేది విసరాలి, బయటికి తీశాక పొట్ట నొక్కకుండా గాలి ఊదాలి. ఈ రోజే ఒకసారి లేచి, మీ ఇంటి సంపు మూత మూసి ఉందో లేదో చూడండి.